ఎడమ చెయ్యి జేబులో

"చచ్చిందో లేదో చూడకుండా ముట్టుకోవద్దు. చచ్చిందని మనం అనుకునేవే మనల్ని చంపుతాయి."

తలుపు అవతలి నుంచి ఆ మాట వినపడగానే ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వచ్చింది పరికరాల ల్యాబ్‌కే. పైన బోర్డు కూడా అదే చెబుతోంది. లోపలి గొంతు మాత్రం శవాల గురించి మాట్లాడుతున్నట్టుంది, అదీ వాతావరణ వార్తలు చదువుతున్నంత తీరుబడిగా.

"లోపలికి రండి," అంది అదే గొంతు. "తలుపుకి కరెంటు లేదు."

తలుపుకి కరెంటు ఉండొచ్చన్న ఆలోచన అప్పటిదాకా ఆమెకి రానేలేదు. ఇప్పుడు వచ్చి కూర్చుంది. హ్యాండిల్ ముట్టుకోకుండా భుజంతో తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

లోపల పొడుగాటి బల్ల. దాని మీద చిన్న చిన్న తెరలూ, గుండ్రటి మీటలూ ఉన్న పెట్టెలు, రంగురంగుల వైర్లు. అప్పటిదాకా పాఠం విన్న విద్యార్థి ఎవరో బతుకుజీవుడా అనుకుంటూ ఆమె పక్క నుంచి బయటికి జారుకున్నాడు. బల్ల వెనక నీలం కోటు వేసుకున్న సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. కుడిచేతిలో ఎర్ర వైరు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో.

"గుడ్ మార్నింగ్ సార్. నేను..."

"చేపలమ్మాయి. పెద్ద మేడం చెప్పారు."

అంతే. చెయ్యి జేబులోంచి రాలేదు. కూర్చోమనీ అనలేదు. ఎంత పొగరు, అనుకుంది ఆమె. కాలరెగరేసే మగవాళ్ళని చూసింది గానీ జేబులోంచి చెయ్యి కూడా తియ్యలేనంత బద్ధకపు పొగరుని చూడటం ఇదే మొదలు.

ఆ మనిషి పరికరాల ఇంజినీరు. ల్యాబ్‌లో అందరూ అతన్ని వెనకాల మీటరు అంటారు. ఏదడిగినా అంకె చెప్పినట్టు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాడని ఆ పేరు. నవ్వాడో లేదో, కోపం వచ్చిందో లేదో ముఖం చూసి చెప్పినవాళ్ళు లేరు.

"కరెంటంటే భయమా?" అన్నాడు మీటరు.

"లేదు సార్."

"తలుపు భుజంతో తోశారు."

ఆమెకి చెవులు వేడెక్కాయి. "కొంచెం," అంది.

"కొంచెమేనా?"

"చాలా."

"మంచిది. భయం లేనివాళ్ళకి నేను సంతకం పెట్టను. రేపట్నుంచి రండి. చెప్పులు రబ్బరువి వేసుకోండి."

భయం సంగతి ఇప్పుడే చెప్పేసుకుంటే మంచిది. చిన్నప్పుడు ఒకసారి స్నానం చేసి తడిచేత్తో టేబుల్ ఫ్యాను పట్టుకుంది. పట్టుకుందనే కంటే ఫ్యానే ఆమెని పట్టుకుందనాలి. అరుద్దామంటే నోరు రాలేదు. వదుల్దామంటే వేళ్ళు మాట వినలేదు. అక్క చెక్క స్టూలు ఎత్తి ఫ్యాను మీద ఒక్కటిచ్చుకుంటే గానీ ఆ పట్టు వదల్లేదు. అప్పట్నుంచీ ఆమె స్విచ్ వెయ్యాలంటే పెన్సిల్ వాడుతుంది. అక్క ఇంట్లో ప్రతి స్విచ్ బోర్డు పక్కనా ఒక పెన్సిల్ వేలాడుతూ ఉంటుంది. బావగారు వాటితో కాగితాల మీద లెక్కలు వేసుకుని తిరిగి పెట్టడం మర్చిపోతే ఆ రాత్రి ఆయన పని అయిపోయినట్టే.

మరి అలాంటి పిల్ల చేసే పరిశోధన దేని మీదయ్యా అంటే, కరెంటు పుట్టించే చేపల మీద. వేలంత నల్లటి చేపలు. చీకటి నీళ్ళలో తమ చుట్టూ సన్నటి విద్యుత్తు పరుచుకుని దారి వెతుక్కుంటాయి. ఒకదాన్నొకటి గుర్తుపట్టేదీ దాంతోనే. షాకు కొట్టేంత బలం వాటికి లేదు. ఉన్నదల్లా పలకరించేంత. వాటిని మొదటిసారి చూసినప్పుడే ఆమె మనసు పారేసుకుంది. తనని అంత భయపెట్టింది ఇంత మెత్తగా కూడా ఉంటుందా అని.

పెద్ద మేడం అంటే ఆ విభాగానికి పెద్ద ప్రొఫెసర్. మనసు పారేసుకోవడం లాంటివి ఆవిడ లెక్కలో లేవు. "నీ చేపలు మంచివే. కానీ వాటి మాట వినాలంటే వైర్లు పట్టుకోవాలి," అంది. "రికార్డింగ్ గదిలోకి వెళ్ళాలంటే పరికరాల పరీక్ష పాసవ్వాలి. నెలాఖరు దాకా టైము. తప్పితే నీ సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తాను. నా మీద కోపం తెచ్చుకోకు, పోయేది నీ ప్రాణం."

ఆ చివరి మాట ఆమెకి ధైర్యం చెప్పడానికి ఏమాత్రం పనికి రాలేదు.

* * *

మొదటి పాఠం మల్టీమీటరు. అరచేతి కంటే కాస్త పెద్ద పసుపుపచ్చ డబ్బా, దానికి ఎర్ర వైరొకటి, నల్ల వైరొకటి.

"ఎక్కడ ఎంత కరెంటుందో ఇది చెబుతుంది," అన్నాడు మీటరు. "సున్నా చూపిస్తే ఏమిటర్థం?"

"అక్కడ ఏమీ లేదని."

"ఇంకోటి?"

ఆమె ఆలోచించింది. "ఇంకోటి ఉందా?"

"మీటరే పాడైందని." బ్యాటరీ ఒకటి బల్ల మీద పెట్టాడు. "అందుకే మూడుసార్లు చూడాలి. ముందు బతికున్నదాని మీద. అది బతికుందని మనకి తెలుసు. మీటరు అంకె చూపించిందా, మీటరు మంచిదే. తర్వాత చచ్చిందనుకున్నదాని మీద. ఆ తర్వాత మళ్ళీ బతికున్నదాని మీద."

"మళ్ళీ ఎందుకు?"

"మధ్యలో మీటరు చచ్చిపోయి ఉండొచ్చు."

"ఇక్కడ అందరూ ఎప్పుడు పడితే అప్పుడు చచ్చిపోతూ ఉంటారా సార్?"

మీటరు ఆమె వైపు చూశాడు. పెదవి చివర ఏదో కదిలినట్టుంది. అంకె చదివేలోపే సున్నాకి వచ్చేసింది.

ఆమె రెండు వైర్లూ పట్టుకుంది. బ్యాటరీ మీద ఆనించింది. తొమ్మిది అని వెలిగింది. ఏమీ కాలేదు, పిడుగూ పడలేదు. ఊపిరి వదిలి, ఎదురుగా ఉన్న పెద్ద పెట్టె మీద కూడా చూద్దామని రెండు చేతులూ చాచింది.

"ఆగండి."

గొంతు పెంచలేదు. అయినా ఆమె రాయిలా ఆగిపోయింది.

"ఎడమ చెయ్యి వెనక్కి."

"ఎందుకు?"

"నల్ల వైరుని క్లిప్పుతో తగిలించండి. ఎర్రది కుడిచేత్తో పట్టుకోండి. ఎడమ చెయ్యి ఖాళీగా ఉండాలి. రెండు చేతులూ పెడితే కరెంటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోతుంది. మధ్యలో ఏముందో మీరే చెప్పాలి, జీవశాస్త్రం మీది."

"గుండె," అంది ఆమె నెమ్మదిగా.

"అందుకే ఒక చెయ్యి జేబులో."

ఆమె అతని జేబు వైపు చూసింది. మొదటి రోజు పొగరనుకున్నది అదే చెయ్యి. సిగ్గేసింది. తన డ్రస్సుకి జేబు లేదని కూడా అప్పుడే తెలిసింది.

"నాకు జేబు లేదు సార్."

"కోటు వేసుకోండి." కొక్కేనికి ఉన్న ఇంకో నీలం కోటు చూపించాడు. అది ఆమెకి మోకాళ్ళ దాకా వచ్చింది. వేళ్ళు కోటు చేతుల్లోంచి బయటికే రాలేదు. మీటరు గొంతు సవరించుకుని గోడ వైపు తిరిగాడు. భుజాలు కదిలాయో లేదో ఆమెకి సరిగ్గా కనపడలేదు.

"మీరు ఎప్పుడైనా రెండు చేతులూ పెట్టారా సార్?" అని అడిగింది.

"ఒకసారి," అన్నాడు.

ఆ సాయంత్రం అక్క తలుపు తీస్తూ అంది, "ఏమే, బతికే ఉన్నావా?"

"మూడుసార్లు చూసి చెప్పాలి."

"అదేమిటి?"

"మీటరు చెప్పాడు."

"మీటరు ఎవరే?" అక్క కళ్ళు చిన్నవయ్యాయి. "చెప్పాడా, చెప్పారా?"

ఆమె లోపలికి వెళ్ళి, పెన్సిల్ తీసుకుని లైటు వేసింది.

* * *

రోజులు గడిచాయి. టంకం వెయ్యడం నేర్చుకుంది. కరిగిన సీసం చుక్క మెరుస్తూ నిలబడితే మంచి అతుకు, మసకగా ముద్దకట్టితే చెడ్డ అతుకు. కరెంటుని అలలా గీసి చూపించే ఆసిలోస్కోపు తెర మీద, పరుగెత్తే ఆకుపచ్చ గీతని నిలబెట్టడం నేర్చుకుంది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. రాత్రి కలలోకి టేబుల్ ఫ్యాను వచ్చేది. ఒక్కటే తేడా. భయపడుతూ కూడా చెయ్యి పని చేస్తుందని తెలిసింది.

ఒక పొద్దున ఆమె చేపల తొట్టి పక్కన ఒక చిన్న తెల్ల డబ్బా ఉంది. దానికి స్పీకరు, తొట్టి నీళ్ళలోకి రెండు సన్నటి వైర్లు. డబ్బా మీద చిన్న చీటీ: "గోడ కరెంటు లేదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీయే." సంతకం లేదు.

మీట తిప్పింది. గదిలో సన్నటి రొద నిండింది. ఎవరో దూరంగా, పెదవులు విప్పకుండా పాడుకుంటున్నట్టు. తన చేపలు. ఇన్నాళ్ళూ చూడటమే తప్ప వాటి మాట ఎన్నడూ వినని తన చేపలు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పరుగున కిందికి వెళ్ళింది. "సార్, ఆ డబ్బా..."

"పని చేస్తోందా?"

"చేస్తోంది."

"సరే."

మళ్ళీ సున్నా. ఈ మనిషి లోపల ఏముందో ఏ మీటరు పెట్టి చూడాలి అనుకుంటూ పైకి వచ్చేసింది. సంగతేమిటంటే, ఆమెకి అతనంటే ఇష్టం పుట్టి అప్పటికే చాలా రోజులైంది. అది ఒప్పుకోవడానికి ఆమెకి ఫ్యానుని ముట్టుకున్నంత భయంగా ఉంది. ఒకసారి పట్టుకున్నాక వదలదేమో, అటువైపు ఏమీ లేదేమో. రెండూ భయాలే.

* * *

పరీక్ష దగ్గర పడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం పట్టపగలే చీకటి కమ్మింది. వాన కుండపోతగా పడుతోంది. ఆమె గొడుగు తిరగబడి, తలంతా తడిసి ల్యాబ్‌కి వచ్చింది.

"ముందు తల తుడుచుకోండి," అన్నాడు మీటరు. "చేతులు బాగా ఆరాలి. ఆరాకే పని."

తువ్వాలు అందించి అల్మరా వైపు వెళ్ళాడు. ఆమె జుట్టు విదిలించి తుడుచుకుంటుంటే అతను ఒక బోర్డు తెచ్చి బల్ల మీద పెట్టి ప్లగ్ పెట్టాడు.

"స్కోపు తగిలించండి. నల్ల క్లిప్పు ఎక్కడ?"

"ఎప్పుడూ నలుపు మీదే."

"కానివ్వండి."

ఆమె ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టుకుంది. కుడిచేత్తో నల్ల క్లిప్పు తీసుకుంది. బోర్డు మీద నల్ల వైరు వెతికి, దాని చివర క్లిప్పు తగిలించింది.

ఫట్టుమని పేలింది. కళ్ళ ముందు నీలం మెరుపు. మరుక్షణం ల్యాబంతా చీకటి. కాలిన వాసన.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. వేళ్ళు కదిపి చూసుకుంది. కదిలాయి. కాళ్ళు నేల మీదే ఉన్నాయి.

"సార్?"

జవాబు లేదు. బయట వాన చప్పుడు.

"సార్, ఉన్నారా? సార్."

ఉలుకూ పలుకూ లేదు. బల్ల అవతల నల్లటి ఆకారం నిలువుగా ఉంది, కదలటం లేదు. అరుద్దామంటే నోరు రాదు, వదుల్దామంటే వేళ్ళు వినవు. ఆ సంగతి ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? ఒక్క అంగలో వెళ్ళి అతన్ని పట్టుకుని లాగెయ్యాలనిపించింది. చెయ్యి చాచింది కూడా. ముట్టుకోవద్దు, ముందు మెయిన్. అతనే చెప్పాడు. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే వాళ్ళని ముట్టుకోకూడదు. గుమ్మం పక్కన ఎర్ర స్విచ్ కొట్టాలి.

గోడ తడుముకుంటూ పరుగెత్తింది. పెన్సిల్ లేదు. పెన్సిల్ లేదన్న సంగతే గుర్తు రాలేదు. ఎర్ర స్విచ్‌ని ఉత్త అరచేత్తో బలంగా ఒక్కటి కొట్టింది.

"తీసేశాను సార్. మెయిన్ తీసేశాను. మాట్లాడండి."

చాలాసేపటికి, అవతలి నుంచి ఎవరిదో తెలియనంత పొడిగా ఒక గొంతు వచ్చింది. "మీకు దెబ్బ తగిలిందా?"

"లేదు. మీకు?"

"లేదు. ఇవాళ్టికి చాలు. వెళ్ళండి," అన్నాడు.

"సార్, నేను నలుపు మీదే..."

"వెళ్ళండి."

వానలోనే ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన అక్క ఆమె ముఖం చూసి వేళాకోళం మానేసి పక్కన కూర్చుంది.

మర్నాడు పెద్ద మేడం పిలిచింది. "నీకు పరీక్ష తను పెట్టలేనన్నాడు మన ఇంజినీరు. నిన్న జరిగింది కూడా చెప్పాడు. అందుకని రిటైరైన పెద్దాయన్ని రమ్మన్నాను, ఇతనికి పని నేర్పింది ఆయనే. ఎల్లుండి. ఎవరికీ జాలిపడే మనిషి కాదు, చూసుకో మరి."

తను పెట్టలేనన్నాడు. తన ముఖం కూడా చూడనంటున్నాడన్న మాట. ఒక్క తప్పుకి.

"అడగొచ్చుగా, ఎందుకలా అన్నాడో," అంది ఆ రాత్రి అక్క.

"ఏం అడగను? ఎప్పుడు చూసినా సున్నాయే."

"కరెంటంటే భయమని చెప్పి పోయి పోయి కరెంటు మనిషినే చూసుకున్నావు," అని అక్క నిట్టూర్చింది. "సరే, ముందు సీటు దక్కించుకో. ఏడవడానికి ఆదివారం ఉంది."

* * *

పెద్దాయన పొట్టిగా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, చేతిలో చెక్క కర్రతో వచ్చాడు. ఫ్యూజు మాస్టారని ఆయనకి పాత పేరు. ముట్టుకుంటే పేలతాడని.

"ఇదిగో అమ్మాయ్," అని మూత తీసిన ఇనప పెట్టె ఒకటి ముందుకు తోశాడు. "ఇందులో పెద్ద కెపాసిటర్ ఉంది. ప్లగ్ పీకేసినా లోపల కొంత దాచుకునే రకం. ప్లగ్ నేనే పీకేశాను. ఇప్పుడు దీన్ని ముట్టుకోవచ్చో లేదో చెప్పు. ముట్టుకోవచ్చు అన్నావనుకో, నువ్వే ముట్టుకోవాలి."

ఆమె ఎడమ చెయ్యి పెద్ద కోటు జేబులోకి పోయింది. మల్టీమీటరు బల్ల మీద ఉంది. నల్ల క్లిప్పు తగిలించింది. ఎర్ర వైరు కొస కెపాసిటర్ మీద ఆనించింది.

సున్నా.

ఎంత హాయిగా ఉందో ఆ సున్నా. ఒళ్ళంతా తేలికపడింది. చచ్చిందన్న మాట. ఇక ముట్టుకుంటే సరి, అయిపోతుంది, ఇంటికి వెళ్ళిపోవచ్చు. చెయ్యి ముందుకు వెళ్ళింది.

చచ్చిందని మనం అనుకునేవే.

ఎవరో చెవిలో చెప్పినట్టయింది, వాతావరణ వార్తలు చదివే గొంతుతో. చెయ్యి ఆగింది. ముందు బతికున్నదాని మీద చూడలేదు. భయంలో మొదటి మెట్టే మర్చిపోయింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. బల్ల మీదున్న చిన్న బ్యాటరీ తీసుకుని మీటరుతో చూసింది. తొమ్మిది రావాలి. సున్నా వచ్చింది. మళ్ళీ చూసింది. సున్నాయే.

"మాస్టారూ," అంది. "ఇది చచ్చింది. పెట్టె కాదు, మీటరు. వైరు లోపల తెగి ఉంటుంది."

పెద్దాయన సొరుగులోంచి ఇంకో మీటరు తీసి ఇచ్చాడు. బ్యాటరీ మీద తొమ్మిది. పెట్టె మీద పెట్టగానే అంకెలు ఎగబాకాయి, ఇంటి గోడలో ఉండేదాని కంటే పైకి. ఇందాక తన వేలు దానికి ఎంత దగ్గరగా వెళ్ళిందో ఇప్పుడు కనపడుతోంది. కెపాసిటర్ దాచుకున్నదంతా దిగిపోయేలా, పొడుగాటి పిడి ఉన్న రెసిస్టర్‌ని దానికి ఆనించి పట్టుకుంది. మళ్ళీ బ్యాటరీ. మళ్ళీ పెట్టె. మళ్ళీ బ్యాటరీ.

"ఇప్పుడు ముట్టుకోవచ్చు," అంది. కళ్ళు మూసుకోకుండానే ముట్టుకుంది. చల్లటి రేకు. అంతే.

పెద్దాయన చెక్క కర్ర పక్కన పెట్టాడు. "ఇందాక నీ చెయ్యి ఇంకాస్త ముందుకెళ్తే దీంతో ఒకటిచ్చేవాణ్ణి. ముందు చూడకుండా సున్నాని నమ్మావు, అది తప్పు. అయినా ఆగావు. ఆగడం నేర్పితే వచ్చేది కాదు." కార్డు మీద సంతకం గీకి ఇచ్చాడు. "వాడు పరీక్ష పెట్టనన్నాడని కోపంగా ఉందా తల్లీ?"

ఆమె తల వంచుకుంది.

"ఎందుకన్నాడో వాణ్ణే అడుగు. నేను చెబితే వాడు చెప్పాల్సిన మాట నేను లాక్కున్నట్టవుతుంది."

ఆమె కార్డు వైపు చూసింది. రికార్డింగ్ గది, సీటు, చేపలు, అన్నీ దక్కాయి. అయినా ఆమె కళ్ళు బల్ల మీదికే పోయాయి. బల్ల మీద ఆ పాడైన మీటరు ఇంకా సున్నా చూపిస్తూనే ఉంది. సున్నాకి రెండర్థాలు. ఇన్నాళ్ళూ తను ఒక్కటే చదివింది.

* * *

పరికరాల ల్యాబ్ తలుపు చేత్తోనే తోసింది.

మీటరు కిటికీ దగ్గర ఉన్నాడు, ఎడమ చెయ్యి జేబులో. పొద్దుట్నుంచీ ఏ పనీ చేసినట్టు లేడు. బల్ల ఖాళీగా ఉంది.

"పాసయ్యారా?"

"జవాబులు మీరు చెప్పాలి, నేను కాదు," అంది. స్టూలు లాక్కుని కూర్చుంది. "ముందు బతికున్నదాని మీద. ఆ తెల్ల డబ్బా ఎవరు చేశారు?"

"నేను."

"నేనడిగానా?"

"లేదు."

"మరెందుకు చేశారు?"

"గోడ కరెంటంటే మీకు భయం కదా. దానికి భయపడి చేపల మాట వినకుండానే వెళ్ళిపోతారేమోనని."

మీటరు బతికే ఉంది. ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు అసలుది. నాకు పరీక్ష పెట్టనని ఎందుకన్నారు?"

సున్నా. ఆమె కదల్లేదు. ఈసారి ఆ సున్నాని నమ్మదలుచుకోలేదు.

"ఆ రోజు తప్పు మీది కాదు," అన్నాడు చివరికి. "నలుపు మీద నలుపు పెట్టారు, నేను నేర్పినట్టే. స్కోపు నల్ల క్లిప్పులాగే, పాఠానికి వాడే బోర్డులో నలుపు కూడా భూమికి కలిసేది. నేను తెచ్చింది అది కాదు. రిపేరుకి వచ్చిన పాత బోర్డు. దాన్ని కట్టినవాళ్ళు గోడ కరెంటుకే నల్ల వైరు వాడారు. రెండూ అల్మరాలో పక్కపక్కనే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడకుండా తియ్యలేదు."

"మరి ఆ రోజు?"

"మీరు తల తుడుచుకుంటున్నారు. అటు చూస్తూ తీశాను."

బయట మళ్ళీ వాన మొదలైంది. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

"చీకట్లో మీరు పిలుస్తుంటే వినపడుతూనే ఉంది," అన్నాడు. "నోరు పెగల్లేదు. వినపడుతున్నది నిజంగా మీ గొంతేనా, నేనే అలా అనుకుంటున్నానా తేల్చుకోలేకపోయాను. మిమ్మల్ని పోగొట్టుకున్నాననే అనుకున్నాను. కళ్ళు పని మీద లేనివాడు పరీక్ష ఎలా పెడతాడు? నాకిష్టమైన మనిషికి నేనే సంతకం పెట్టి లోపలికి పంపి, రేపు ఏమైనా అయితే..." ఆగిపోయాడు. ఇన్ని మాటలు అతను ఒక్కసారి మాట్లాడటం ఆ గోడలు కూడా విని ఉండవు.

"ఇష్టమైన మనిషి అన్నారు."

"అన్నాను."

"మూడోసారి కూడా చూడాలి కదా. మళ్ళీ బతికున్నదాని మీద."

"అడగండి."

"తలుపుకి కరెంటుందా?"

మీటరు నవ్వాడు. అంకె చదివేంతసేపు, ఇంకా ఎక్కువసేపే ఆ నవ్వు నిలబడింది. "లేదు," అన్నాడు.

ఆమె లేచి గుమ్మం దాకా వెళ్ళింది. ఎర్ర స్విచ్‌ని అరచేత్తో నొక్కింది. పెట్టెల మీది చిన్న చిన్న లైట్లన్నీ ఆరిపోయాయి. ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి. ల్యాబంతా వాన చప్పుడొక్కటే.

"మెయిన్ తీసేశాను," అంది అతని ఎదురుగా వచ్చి నిలబడి. "ఇప్పుడు రెండు చేతులూ వాడొచ్చు."

అతను ఎడమ చెయ్యి జేబులోంచి నెమ్మదిగా బయటికి తీశాడు. అరచేతి మధ్యలో పాత కాలిన మచ్చ ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది.

"భయమా?" అంది ఆమె.

"చాలా."

"మంచిది," అని వణికే తన రెండు చేతులతోనూ ఆ చెయ్యి పట్టుకుంది. "భయం లేనివాళ్ళకి నేను సంతకం పెట్టను."